అది వేపేనా? ఆకు మొత్తం చూసి చెప్పండి

చెట్టు పేరు తెలియకపోతే మనం ముందు చేసే పని ఫోన్ బయటికి తీయడం. ఓ ఆకు తుంచి, అరచేతిలో పెట్టి, ఫొటో కొట్టి యాప్‌ని అడిగేస్తాం. వేప విషయంలో సరిగ్గా అక్కడే తేడా కొడుతుంది. ఎందుకంటే మీరు తుంచింది అసలు ఆకే కాదు!

నమ్మకం లేదా? ఓ వేపకొమ్మను దగ్గరగా చూడండి. కాడ కొమ్మకు అతుక్కున్న మూలలో బుల్లి మొగ్గ కనిపిస్తుంది. అక్కడి నుంచి కొసదాకా ఉన్నదంతా కలిపి ఒకటే ఆకు. దానికి రెండువైపులా ఉండే 20, 30 చిన్నాకులు పత్రకాలు. వాటి మొదట్లో ఎంత వెతికినా మొగ్గ దొరకదు.

ఇది తెలిస్తే ఏంటట అంటారా? వేపకో డూప్ ఉంది... తురకవేప. నీడ కోసం, పూల అందం కోసం పెంచుతారు. ఒక్క పత్రకమే చూస్తే అంచున రంపపు పళ్లతో అచ్చం వేపలాగే ఉంటుంది. మొత్తం ఆకు చూస్తే గుట్టు బయటపడుతుంది. వేపలో పత్రకాలన్నీ నడిమి ఈనెకే నేరుగా ఉంటాయి. తురకవేపలో ఆ ఈనె మళ్లీ పక్కలకు చీలి, ఆ చీలికలకు పత్రకాలు వస్తాయి. ప్లైవుడ్ కోసం రైతులు వేసే మలబారు వేపదీ ఇదే తీరు. కాబట్టి ఈనె చీలిందంటే తురకవేపే అనలేం కానీ, మన వేప కాదన్నది మాత్రం ఖాయం.

ఉగాది పచ్చడికి పువ్వు కోసేటప్పుడు రంగు చూడండి. వేపపువ్వు తెల్లన. తురకవేపది లేత ఊదా, మధ్యలో ముదురు ఊదా గొట్టం.

అసలు భయం కాయలతోనే. వేపపండు కోలగా ఉంటుంది, పల్లెల్లో పిల్లలు చీకుతారు కూడా. తురకవేప కాయలు గోలీల్లా గుండ్రంగా, పండి పసుపు రంగుకొచ్చి, ఆకులు రాలిపోయాక కూడా గుత్తులుగా వేలాడతాయి. ఇవి మనిషికి విషం. వాంతులు, విరేచనాలతో మొదలై ప్రాణం మీదికి రావచ్చు. పిట్టలు తింటున్నాయిగా అని ధైర్యం చేయొద్దు, వాటి లెక్క వేరు. (వీటి గింజకు నడుమ పుట్టుకతోనే బెజ్జం ఉంటుంది. దారానికి గుచ్చి జపమాలలు చేసేవాళ్లు!) పిల్లలెవరైనా తింటే వెంటనే ఆస్పత్రికి పరుగెత్తండి, ఓ కాయనీ ఆకునీ వెంట తీసుకెళ్లండి.

ఇకపై ఫొటో తీసేటప్పుడు కాడ కొమ్మకు అతికిన చోటుతో సహా ఆకు మొత్తం ఫ్రేములోకి రానివ్వండి. పువ్వో కాయో ఉంటే అదీ తీయండి. నోట్లో పెట్టుకునేదైతే మాత్రం యాప్ ఒక్కదాని మాటే నమ్మకండి.