వాకిట్లో ఏనుగు

2025 సెప్టెంబరు 22, దసరా నవరాత్రులు మొదలైన రోజు. పొద్దున్నే మావారు పేపరు చదివి, నాలుగు మడతలు పెట్టి, నా కాఫీ గ్లాసు పక్కన వుంచారు. మడతలో పైకి కనబడే వార్త నన్ను చదవమని దానర్థం. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ మాత్రం భాష నాకూ వచ్చు. చిన్నకార్ల మీద జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి దిగిందట. సెస్సు కూడా పోయిందట. నాలుగు మీటర్లకు మించని, 1,200 సి.సి. దాటని పెట్రోలు కారు కొనేవాడంత అదృష్టవంతుడు ఈ దేశంలో లేడన్నట్టు రాశారు.

"చూశావా?" అన్నారు మావారు.

"చూశాను. మడత లోపలి వార్త మీరు చూశారా?" అన్నాను.

లోపలి వార్త ఉల్లిగడ్డది. కర్నూలు మార్కెట్టులో ధర ఎంతగా పడిపోయిందంటే, క్వింటాలు 1,200 రూపాయలకు మేమే కొంటామని ప్రభుత్వం ముందుకు రావలసి వచ్చింది. పత్తి సంగతి సరేసరి. ఆగస్టు 19 నుంచి విదేశీ పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేశారు. పొడుగుపింజ పత్తికి మద్దతు ధర 8,110 రూపాయలని కాగితం మీద వుంది. ఆ కాగితాన్ని పట్టుకుని ఆదోని యార్డుకు వెళ్ళిన రైతు ఏ మొహంతో తిరిగొస్తాడో మా ఎమ్మిగనూరు ఆడవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఆదోనిలో పత్తి నవ్వితే మా బట్టల కొట్లో చీర అమ్ముడవుతుంది. అది ఏడిస్తే కొట్లో కుర్రాడు రోజంతా ఒకే చీరను మడతపెడుతూ కూర్చుంటాడు. ఆ సెప్టెంబరులో మా కుర్రాడు మడతలు బాగా నేర్చుకున్నాడు.

అటువంటి రోజుల్లో, మళ్ళీ కారు!

మళ్ళీ అనటంలోనే వుంది నా బాధంతా. కారంటే గిట్టని మనిషిని కాను నేను. 2018 దసరాకు మా ఇంటికి కారొచ్చినప్పుడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది నేనే. గురువారం పూట ముందు సీట్లో కూర్చుని మంత్రాలయం వెళ్ళి, దిగేటప్పుడు తెలిసినవాళ్ళు ఎవరైనా చూస్తున్నారా అని చుట్టూ చూసిందీ నేనే. అంతకు ముందు నుంచీ నా నవలల్లో నాయకుడు కారు దిగకుండా కథ కదిలేది కాదు. మరి ఆ కారుకు నాయకుడు నెలనెలా కంతు కడుతున్నట్టు ఒక్క పుటలోనైనా రాశానా? రాయలేదు. ఆ పాపం నాకూ తగిలింది.

లెక్క చెబుతాను, వినండి. మన పేజీలో అంకెలేమిటని విసుక్కోకండి. మనం అంకెలు వినకపోబట్టే మగవాళ్ళు మనకు రంగు ఏదో చెప్పమని మాత్రం అడుగుతారు.

కారు రోడ్డు మీదికి వచ్చేసరికి 7 లక్షల 60 వేలు. చేతి నుంచి 1 లక్షా 60 వేలు పెట్టాం. మిగిలిన 6 లక్షలు అప్పు. వడ్డీ తొమ్మిదిన్నర శాతం, గడువు ఏడేళ్ళు, నెలకు 9,800 రూపాయలు. "నెలకు పదివేల లోపేనోయ్!" అన్నారు మావారు, ఏదో గెలిచినట్టు. 84 నెలలు కడితే అది 8 లక్షల 23 వేలవుతుందని ఎవరూ గుణించలేదు. కారు విలువ ఏటేటా ఎంత దిగుతుందో చెప్పే పట్టిక ఒకటి ఇన్సూరెన్సు వాళ్ళకు వుంటుంది. ఆర్నెల్లు దాటితే 15 శాతం, ఏడాది దాటితే 20, రెండేళ్ళకు 30, మూడేళ్ళకు 40, నాలుగేళ్ళు దాటితే సగం. ఇంత నిజాయితీగా నష్టం చెప్పే కాగితం మన ఇళ్ళల్లో మరొకటి లేదు. బీరువాలో భద్రంగా దాస్తాం, చదవం.

మా నాన్నగారి రోజుల్లో కారు మోజు లేదనుకోకండి. 1983 డిసెంబరులో మారుతీ 800 వచ్చినప్పుడు 10 వేలు ముందుగా కట్టి పేరు రాయించుకుని, జనం వంతు కోసం కాచుకున్నారు. అదొక చాదస్తమని నవ్వుకుంటాం గాని, అలా కాచుకునే వ్యవధిలో మనిషికి తన తాహతు తనకు తెలిసేది. ఇప్పుడు కాచుకునే పనేముంది? అరగంటలో అప్పు మంజూరవుతుంది. తాహతు తెలియటానికే ఏడేళ్ళు పడుతుంది.

మాకు ఏడాదిన్నరకే తెలిసింది. 2020 మార్చి 25న లాక్‌డౌన్. కొట్టుకు తాళం. మాకు బట్ట నేసిచ్చే ఇళ్ళల్లో నూలు రాక మగ్గాలు ఆగిపోయాయి. కారు వాకిట్లో నిలబడింది. నిలబడ్డది నిలబడ్డట్టు వుంటే బాగుండేది. ముందు బ్యాటరీ చచ్చింది. తర్వాత ఎలుకలు బానెట్టు కింద కాపురం పెట్టి వైర్లన్నీ కొరికేశాయి. లారీ మీద కర్నూలు చేరిస్తే గాని బాగుపడదన్నారు. తిరిగినా ఖర్చే, తిరగకపోయినా ఖర్చే! ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారే, ఆ వెయ్యి మనకు వచ్చేది. ఈ ఏనుగుకు రెండువిధాలా వెయ్యీ మనమే ఇచ్చుకోవాలి.

ప్రపంచమంతా ముడిచమురు ధర పడిపోయిన ఆ వేసవిలోనే, మే నెలలో, పెట్రోలు మీద లీటరుకు 10 రూపాయలు, డీజిలు మీద 13 రూపాయలు పన్ను పెంచారు. అది మన చేతిలో లేని సంగతి, వదిలేద్దాం. మన చేతిలో వున్నదేమిటో చూద్దాం.

మా ఇంట్లో పొదుపు మొదలైంది. పాలు రెండు పాకెట్ల నుంచి ఒకటికి వచ్చాయి. పనమ్మాయిని రావద్దని చెప్పి సగం జీతం ఇచ్చాం, రెండు నెలల తర్వాత అదీ ఇవ్వలేదు. (ఈ వాక్యం రాయటానికి నాకిప్పటికీ సిగ్గుగా వుంది.) అమ్మాయి ట్యూషను మానేసింది. అత్తమ్మ తన మోకాళ్ళ మాత్ర రోజు మార్చి రోజు వేసుకుంటున్నట్టు నాకు తర్వాత ఎప్పుడో తెలిసింది. ఇన్ని తగ్గాయి గదా, ఇందులో మావారి వాటా ఏదీ? కారు అమ్మేద్దామన్న మాట ఆయన నోట్లోంచి రాలేదు. నేను అంటే, "ఎవరైనా ఏమనుకుంటారు? కొట్టు మునిగిందనుకోరూ? రేపు నూలు ఎవడు అరువిస్తాడు?" అన్నారు.

రిజర్వుబ్యాంకు దయతలచి మార్చి నుంచి ఆగస్టు దాకా కంతులు కట్టకపోయినా ఫరవాలేదంది. మా వీధి వీధంతా సంబరం. వడ్డీ మాత్రం ఒక్కరోజు కూడా సెలవు తీసుకోలేదు. ఆర్నెల్లు ఆపిన పుణ్యానికి చివర్లో నాలుగు కంతులు కొత్తగా మొలిచాయి. వడ్డీ మీద వడ్డీ తరువాత తిరిగి ఇచ్చారు లెండి. అసలు మీద పెరిగిన వడ్డీ మనదే.

అదే ఆగస్టులో రిజర్వుబ్యాంకు మరొక తలుపు తెరిచింది. బ్యాంకులు బంగారం మీద అప్పు, విలువలో 75 శాతం వరకు ఇవ్వవలసింది, 90 శాతం వరకు ఇవ్వవచ్చునంది, 2021 మార్చి దాకా. దేశంలో డబ్బు కరువైనప్పుడు పెద్దల చూపు చివరికి ఎవరి మెడ మీదికి వస్తుందో గమనించారా? సెప్టెంబరులో కంతులు మళ్ళీ మొదలయ్యాయి. మా అమ్మ పెట్టిన నాలుగు తులాల గాజులు, మూడు తులాల గొలుసు కుదువకు వెళ్ళాయి. ఆడవాళ్ళ బంగారం తీసుకెళ్ళి ఇనపముక్కకు నెలనెలా నైవేద్యం పెట్టాం. ఒకటి ఏటేటా పెరిగే వస్తువు, రెండోది ఏటేటా తరిగే వస్తువు. పెరిగేదాన్ని తాకట్టు పెట్టి తరిగేదాన్ని కాపాడుకోవటాన్ని మా ఇంట్లో పరువంటారు.

అత్తమ్మ మాత్రం ఒకరోజు అరుగు మీద కూర్చుని కారువంక చాలాసేపు చూసి, "ఎద్దులైతే పేడన్నా ఏస్తాయి. ఇదేం ఏస్తాదిమే?" అంది.

నవ్వాను గాని, ఆమె మాటలో వేరే సంగతి వుంది. ఆమె పుట్టింది ఆదోని తాలూకా మెట్టపల్లెలో. కరువొస్తే అక్కడ రైతు మొదట సంతకు తోలేది ఎద్దుల్నే. అన్నం పెట్టే ఎద్దుల్ని! ఆ పైన ఇంటికి తాళం వేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని మిరపకాయ కోతలకు గుంటూరు వైపు సుగ్గికి పోతారు. ఇప్పటికీ పోతూనే వున్నారు. బతుకుకు ఆధారమైనదాన్ని అమ్ముకోవటానికి వాళ్ళకు పరువు అడ్డం రాదు. బతుకుకు భారమైనదాన్ని అమ్మటానికి మనకు అడ్డం వస్తుంది. ఇంకా నయం, ఇది మాచాని సోమప్పగారి ఊరు. 1938లో ఆయన చేనేత సహకార సంఘం పెట్టింది, ఒంటరిగా షావుకారు గుమ్మం ముందు చేయిచాచే నేతవాళ్ళు పదిమందీ కలిసి నిలబడాలని. ఆ ఊళ్ళో పక్కింట్లో కారుందని ప్రతి ఇంటా ఒక్కొక్కరం ఒంటరిగా అప్పులపాలవుతున్నాం.

మావారి పక్షాన చెప్పవలసింది ఒకటుంది, దాచను. 2021 మే నెల, రెండో విడత కరోనా. అత్తమ్మకు అర్ధరాత్రి ఆయాసం వచ్చింది. ఎన్ని ఫోన్లు చేసినా బండి దొరకలేదు. ఆ కారులోనే కర్నూలు తీసుకెళ్ళాం. ఆమె బతికింది. ఇప్పటికీ కారు మాట వచ్చినప్పుడల్లా మావారు గొంతు పెంచరు, "ఆ రాత్రి?" అని మాత్రం అడుగుతారు.

ఆ రాత్రికి నా దగ్గర జవాబు లేదు. కాని అది ఆయన ఎప్పుడూ చెప్పుకునే పరువు లెక్కలో వచ్చిన రాత్రి కాదు గదా! అవసరానికి ఉపయోగపడింది, దండం పెట్టాను. దగ్గర్లో రాత్రిపూట ఆక్సిజను దొరికే పడక లేకపోతే ఇంటింటికీ ఒక కారు కొనుక్కోవటమే దానికి మందా? కారు లేని మా పనమ్మాయి అత్తకు అదే ఆయాసం వస్తే ఆ ఇల్లేం చెయ్యాలి? ఈ ప్రశ్న మావారిని ఒక్కణ్ణే అడగటం న్యాయం కాదని తెలుసు. అయినా దగ్గర వున్న మగవాడు ఆయనే.

జులైలో చివరికి అమ్మాం. 4 లక్షల 40 వేలు వచ్చింది. బ్యాంకుకు 4 లక్షల 81 వేలు బాకీ! కారు పోయాక కూడా 41 వేలు అప్పు వాకిట్లో నిలబడే వుంది. గాజులు అమ్మి ఆ అప్పు, కుదువ అప్పులో కొంత తీర్చాం. గొలుసు మరుసటేడు విడిపించుకున్నాం. లాక్‌డౌన్ వచ్చిన వెంటనే, వ్యాపారం తిరిగి తెరుచుకోగానే అమ్మివుంటే బాకీకి బాకీ సరిపోయేది, నా చేతులకు నా గాజులు వుండేవి. 2025లో పది గ్రాములు లక్ష దాటింది. ఆ నాలుగు తులాలు ఇవాళ ఎంతో నేను లెక్క వేసుకోను. మీరూ వెయ్యొద్దు.

మేం అమ్మాక కొట్టు మునిగిందని ఎవరూ అనుకోలేదు. నూలు షావుకారు అరువు ఆపలేదు, పైగా "మంచిపని చేశారు, నేనూ అమ్మాలనుకుంటున్నా, ఇంట్లో ఏమనుకుంటారోనని" అన్నాడట. ఇంట్లో అంటే ఆయన భార్య! ఆమె నాతో గుళ్ళో అన్నమాట, "మాయనకు చెప్పాలంటే భయమక్కా, పరువంటాడు" అని. ఇద్దరూ ఒకరి పరువు ఒకరు మోస్తూ వడ్డీ కడుతున్నారు.

అందుకే ఈసారి పేపరు మడత చూసి నేను పోట్లాడలేదు. పన్ను పదిశాతం తగ్గితే తగ్గేది ధర, కంతు కాదు. పెద్దకారు చూపించి కంతును మళ్ళీ అక్కడికే తెస్తారు. నేను అడిగింది ఒక్కటే. కొనే ముందు ఒక తెల్లకాగితం మీద మీరే మీ చేత్తో రాసివ్వండి. నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతాం, అన్నిసార్లూ ఆదోనికీ కర్నూలుకీ బాడుగ కారు మాట్లాడుకుంటే ఎంతవుతుంది, బేరం పడిపోయిన మొదటి నెలలో ఇంట్లోంచి ముందు ఏది బయటికి పోతుంది? మూడోదానికి ఎదురుగా "కారు" అని రాసి సంతకం పెడితే, రంగు కూడా నేనే చెబుతాను.

దీపావళి కూడా వెళ్ళిపోయింది. కాగితం ఇంకా రాలేదు. పేపరు మాత్రం ఈమధ్య మడవకుండానే ఇస్తున్నారు.