మొదటి సోల్డరింగ్ స్టేషన్: మన ఊరి కరెంటును చూసి కొనండి



ఈ పొద్దు రాసేది విత్తనం గురించి కాదు, రేటు గురించి కాదు. సోల్డరింగ్ స్టేషన్ గురించి. రైతుకు దీంతో ఏం పనప్పా అని నవ్వేవాళ్లు ముందు ఒకసారి మీ సామాను లెక్కేసుకోండి. బోరు కాడ మొబైల్ స్టార్టరు. మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయరు. రాత్రి నీళ్లకు పోయేటప్పుడు తలకు కట్టుకునే లైటు. అడవి పందులకు పెట్టిన సోలార్ కంచె. ఇంట్లో ఇన్వర్టరు, ఎల్‌ఈడీ బల్బులు, పిల్లోళ్ల ఛార్జర్లు. మన నాయన కాలంలో చేలో బోర్డు అనే మాటే లేదు. ఇప్పుడు బోర్డు లేని పనిముట్లంటే పార, కొడవలి, గుంటక, ఇంతే మిగిలినాయి.

ఈ సామాను చెడిపోయినప్పుడు అన్నిసార్లూ పెద్ద రోగం ఉండదు. స్ప్రేయర్ ఛార్జింగ్ పిన్ను కదిలి ఉంటాది. స్విచ్చి వెనకాల వైరు ఊడి ఉంటాది. స్టార్టరు బోర్డులో రిలే కాలు దగ్గర అతుకు పగిలి ఉంటాది. చేయి తిరిగినోడికి పది నిమిషాల పని, రూపాయి రెండు రూపాయల సీసం. దానికోసం మనం తలుపుల నుంచో, తనకల్లు నుంచో, ఎన్.పి.కుంట నుంచో బస్సెక్కి కదిరికి పోతాం. ఒక పొద్దు కూలి పాయ. అంగడాయన మూత కూడా తీయకుండా "బోర్డే మార్చాల" అంటే వేలల్లో ఖర్చు. అది వచ్చేదానికి మూడు దినాలు. చెనిక్కాయకు ఊడలు దిగి కాయ ఊరే టయానికి మూడు దినాలు నీళ్లు ఆగితే ఆ నష్టం ఎవరిస్తారు?

అందుకే నా మాట ఇది. ప్రతి ఊర్లో కనీసం ఒక ఇంట్లో సోల్డరింగ్ సామాను ఉండాల. అది అంగట్లో చౌకగా దొరికే కట్టె లాంటి ఐరన్ కాకూడదు. వేడిని తనంతట తాను పట్టి ఉంచే స్టేషన్ అయి ఉండాల. కారణం మన కరెంటు.

చాలామంది మొదట కొనేది 25 వాట్ల మామూలు ఐరన్. ధర తక్కువ, యాడైనా దొరుకుతాది. పట్నంలో 230 వోల్టులు నిలకడగా వచ్చేచోట దానితో పని నడుస్తాది. మన ఊర్లలో ఏం జరుగుతాదో చూడండి. పగలు మోటార్లన్నీ ఒకేసారి ఆడేటప్పుడు ఫ్యాను కూడా బరువెక్కినట్టు తిరుగుతాది. ఆ యాలకు మీటరు పెడితే 180 వోల్టులు చూపించడం మా ఇంట్లో మామూలే. వోల్టేజీ తగ్గితే ఐరన్ బలం అంతే పాళ్లలో తగ్గదు, అంతకంటే ఎక్కువ తగ్గుతాది. 180ని 230తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించండి. 0.61 వస్తాది. అంటే 25 వాట్ల ఐరన్ 15 వాట్లకు పడిపోయినట్టు. అదే రాత్రి మోటార్లు ఆగినాక 250 వోల్టులు వస్తే దాదాపు 30 వాట్లు అవుతాది. ఒకే ఐరన్, ఒకే ఇల్లు. పగలు సగం బలం, రాత్రి రెట్టింపు.

బలం తక్కువైతే సీసం బిరీన కరగదు. కరిగేదాకా బిట్టును బోర్డు మీద అదిమి పెడతాం. ఆ అదమడంలో బోర్డు మీద రాగి రేకు లేచి వస్తాది. లేదంటే పైకి అతుక్కున్నట్టు కనపడి లోపల పట్టు ఉండదు. దాన్నే మెకానిక్కులు డ్రై సోల్డర్ అంటారు. మోటారు అదురుకు అది నెలకే పగులుతాది. బలం ఎక్కువైతే బిట్టు నల్లబడి సీసాన్ని పట్టుకోదు. కొత్తగా నేర్చుకునే పిల్లోడు తప్పు తన చేతిదనుకుంటాడు, నాకు రాదులే అని వదిలేస్తాడు. తప్పు వోల్టేజీది.

స్టేషన్‌లో ఈ బాధ లేదు. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉండి 24 వోల్టులకు దించుతాది. బిట్టు దగ్గర వేడిని కనిపెట్టే సెన్సారు ఉంటాది. మనం 340 డిగ్రీలు పెడితే అక్కడికి రాగానే కరెంటు ఆపుతాది, తగ్గగానే మళ్లీ ఇస్తాది. 60 వాట్ల స్టేషన్ 180 వోల్టుల మీద 37 వాట్లకు దిగినా, ఆ 340 డిగ్రీలను పట్టి ఉంచేదానికి అది చాలు. కాకపోతే వేడెక్కేదానికి రొంత ఎక్కువసేపు పడుతుంది. అందుకే పట్నమోడికి స్టేషన్ సౌకర్యం, మనకు మాత్రం అవసరం అంటాను.

ఒక జాగ్రత్త. పిడి మీద తిప్పుడు గుండీ ఉన్నంత మాత్రాన అది స్టేషన్ కాదు. కొన్నింట్లో ఆ గుండీ ఫ్యాను రెగ్యులేటరు లాంటిదే, కరెంటు తగ్గిస్తాది పెంచుతాది, వేడిని చూడదు. కొనే ముందు అంగట్లోనే ప్లగ్గు పెట్టించి చూడండి. చెప్పిన వేడికి చేరినాక చిన్న లైటు ఆగి ఆగి వెలుగుతా ఉంటే లోపల సెన్సారు పని చేస్తున్నట్టు.

ఇంక ఏ రకం కొనాల? జపాన్ వాళ్ల హక్కో కంపెనీ 936 అని ఒక స్టేషన్ చేసింది. ఇప్పుడు ఆ మోడల్ చేయడం ఆపేసినారు గానీ, దాన్ని చూసి చేసినవి లోకమంతా అమ్ముతున్నారు. వాటికి పట్టే బిట్లను 900ఎం రకం అంటారు. ఈ పేరు గుర్తు పెట్టుకోండి. స్టేషన్ ఒకసారి కొంటాం, బిట్లు మాత్రం ఎప్పటికీ కొంటానే ఉంటాం. 900ఎం బిట్లు బెంగళూరు ఎస్పీ రోడ్డులో తక్కువ ధరకు దొరుకుతాయి. మన పక్కనుంచి బెంగళూరుకు దినాము ఎవరో ఒకరు పోతానే ఉంటారు కదా, తెప్పించుకోవచ్చు. బిట్టు దొరకని స్టేషన్ ఎంత గొప్పదైనా కొనొద్దు. స్పేరు పార్టు దొరకని ట్రాక్టరు కొంటామా?

వేడిగాలి గన్ను కూడా కలిపిన టూ ఇన్ వన్ స్టేషన్ చూసి చాలామంది ఆశపడతారు. ఫోన్ బోర్డులో చిన్న చిన్న చిప్పులు తీసేవాళ్లకు అది కావాల. మన పని వైర్లు, పిన్నులు, రిలేలు. మొదటిదానికి గాలి గన్ను వద్దు. ఆ మిగిలే దుడ్లతో ఒక మల్టీమీటరు, సీసం పీల్చే పంపు, మంచి సీసం తీగ కొనుక్కోండి. మీటరు లేకుండా సోల్డరింగ్ చేయడమంటే నాడి చూడకుండా సూది వేసినట్టు.

సీసం తీగ 60/40 రకం, 0.8 మిల్లీమీటర్ల మందం, లోపల రోజిన్ ఉన్నది తీసుకోండి. అది 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలై 190కి నీళ్లవుతాది. కొత్త బోర్డుల్లో చాలావాటికి సీసం లేని సోల్డర్ ఉంటాది. యూరోపు వాళ్లు 2006 జూలై 1 నుంచి ఎలక్ట్రానిక్ సామానులో సీసాన్ని కట్టడి చేసినారు, దాంతో కంపెనీలన్నీ ఆ దారి పట్టినాయి. ఆ రకం కరిగేది 217 డిగ్రీల మీద. మామూలు పనికి బిట్టు వేడి 320 నుంచి 350, సీసం లేని బోర్డుకు 370 దాకా. కరగలేదని 450కి తిప్పొద్దు, బిట్టు చస్తాది. పాత సోల్డర్ మీద రొంత కొత్త సీసం తగిలిస్తే రెండూ కలిసి తేలిగ్గా కరుగుతాయి.

స్టేషన్‌తో వచ్చే బిట్టు చాలావరకు సూదిమొన లాగ ఉంటాది. చూడ్డానికి బాగుంటాది గానీ వేడి అందించదు. ఉలి మొన లాగ చదరంగా ఉండే 2.4 మిల్లీమీటర్ల బిట్టు ఒకటి కొనండి, మన పనికి అది సరిపోతాది.

బిట్టును చూసుకోవడం మనకు కొత్త విద్య కాదు. మన చిన్నప్పుడు ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవాళ్లు వీధిలోకి వచ్చేవాళ్లు గుర్తుందా? గిన్నె కాల్చి, నవాసాగరం చల్లి, తగరం తిప్పి దూదితో రుద్దేవాళ్లు. నవాసాగరం చిలుము తీస్తాది, అప్పుడే తగరం పట్టుకుంటాది. ఇక్కడా అదే సూత్రం. చిలుము తీసేది రోజిన్, పట్టుకునేది తగరం, సీసం. బిట్టుకు ఎప్పుడూ కళాయి ఉండాల. పని అయినాక తుడిచి పెట్టొద్దు, కొనకు రొంత సీసం అంటించి అప్పుడు స్విచ్చి ఆపండి. నల్లబడిందని ఆకురాయితో మాత్రం రాయొద్దు. పాత రాగి బిట్లను రాసేవాళ్లు, నిజమే. ఈ బిట్లకు రాగి మీద ఇనుము పూత ఉంటాది. అది పోతే బిట్టు పోయినట్టే.

ఇంకో మాట, ఎర్తింగు. స్టేషన్‌కు మూడు పిన్నుల ప్లగ్గు ఉండాల, గోడలో ఎర్తు నిజంగా ఉండాల. మన ఇండ్లలో మూడో రంధ్రం ఉంటాది గానీ దాని వెనకాల చానా చోట్ల వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించుకోండి. ఎర్తు లేకుంటే మనకూ ప్రమాదమే, బోర్డు మీద చిప్పులకూ ప్రమాదమే.

కొందరు పెద్దలు అడుగుతారు: "తెలిసీ తెలియక అందరూ బోర్డులు విప్పితే ప్రాణాలకు రాదా?" సరైన ప్రశ్నే. అందుకే గీత గీసుకోవాల. మూడు ఫేజుల స్టార్టరు పెట్టెలో 415 వోల్టులు ఉంటాయి. ఫ్యూజులు తీసి, టెస్టర్‌తో చూసి, బోర్డును బయటికి తెచ్చి ఇంట్లో బల్ల మీదనే పని చేయాల, బోరు కాడ కాదు. సోలార్ కంచె జట్కా పెట్టె, ఇన్వర్టరు లోపలి కెపాసిటర్లు కరెంటు తీసినాక కూడా కొడతాయి, వాటి జోలికి కొత్తవాళ్లు పోవద్దు. లిథియం సెల్లు మీద నేరుగా సోల్డరింగ్ పట్టొద్దు, మంటలొస్తాయి. పొగ ముఖానికి తగలకుండా కిటికీ కాడ కూర్చోండి. సీసం పొగలో కంటే చేతుల మీద ఎక్కువ ఉంటాది. ముద్ద ముట్టే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాల, చిన్నపిల్లల్ని ఆ బల్ల దగ్గరికి రానియ్యొద్దు.

ఈ గీతల లోపల మిగిలే పని చాలా ఉంది, అది మన హక్కు కూడా. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో రైతులు తమ యంత్రాలు తామే రిపేరు చేసుకునేదానికి చట్టం చేసింది. మన కేంద్రం కూడా 2022లో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, అందులో మొదట తీసుకున్న రంగాల్లో వ్యవసాయ పనిముట్లు ఉన్నాయి. అదే ఏడాది డిసెంబరు 24న పోర్టల్ కూడా తెరిచినారు. మంచిదే. అయితే హక్కు కాగితం మీద ఉండి చేతిలో పనిముట్టు, పని తెలిసిన మనిషి లేకుంటే ఆ కాగితంతో నీళ్లు పారవు.

ఒక్క రైతు ఒక్కడే కొనాల్సిన పని లేదు. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉండే నలుగురైదుగురు తలా కొంత వేస్తే స్టేషను, మీటరు, సీసం అన్నీ వస్తాయి. ఊర్లో ఐటీఐనో, పాలిటెక్నిక్కో చదివి ఖాళీగా ఉన్న పిల్లోడు, లేదా ఆడపిల్ల, ఒకరు ఉంటారు. సామాను వాళ్ల చేతిలో పెట్టండి. మొదట చెడిపోయిన బల్బుల మీద, పాత రేడియో బోర్డుల మీద నెల దినాలు సాధన చేయమనండి. తర్వాతనే మన సామాను ముట్టాల. పని చేసినప్పుడు ఊరికే చేయించుకోవద్దు, కూలి ఇవ్వండి. మన ఊరి దుడ్లు మన ఊర్లోనే తిరుగుతాయి, ఆ బిడ్డ బెంగళూరు బస్సెక్కే ముందు ఒకసారి ఆలోచిస్తాది.

విత్తనం వేసేదానికి ఇంకా టయముంది. వానలు పడినాక ఎవరికీ తీరిక ఉండదు. ఈ ఎండాకాలంలోనే ఆ నలుగురూ ఒకచోట కూర్చొని మాట్లాడుకోండి.