ఎవరి తరఫు వకీలు?

బడంగ్‌పేట్, నాదర్‌గుల్, అల్మాస్‌గూడ, కుర్మల్‌గూడ. నిన్నమొన్నటిదాకా సాగు భూములున్న హైదరాబాద్ శివారు ఊళ్లివి. పంచాయతీ లేఅవుట్లు, జీపీఏలు (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీలు), నోటరీ కాగితాలు, వారసులందరి సంతకాలు లేని పాత అమ్మకాలు ఇక్కడి ప్లాట్లకు పుట్టుకతో వచ్చిన చిక్కులు. జీపీఏ మీద జరిగే అమ్మకంతో యాజమాన్య హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. అయినా అలాంటి లింకు డాక్యుమెంట్ల మీదే రెండొందల గజాలు కొనుక్కునే కుటుంబానికి న్యాయవాది ఇచ్చే లీగల్ ఒపీనియనే ధైర్యం. ఆ న్యాయవాదిని వెంచర్ వాళ్లే చూపించి, ఫీజూ వాళ్లే కట్టే చోట కొనేవాళ్లకు అది సౌకర్యంగా కనిపిస్తుంది. అమ్మేవాడి మనిషినన్న సంగతి దాచి కొనేవాడికి భరోసా ఇవ్వడం వృత్తి ద్రోహం. దానికి మరో పేరు వెతకనక్కర్లేదు.

నియమాలు లేక కాదు. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం కింద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రాసిన ప్రవర్తనా నియమాల ప్రకారం, కేసులోని పక్షాలతో తనకున్న సంబంధాన్ని న్యాయవాది మొదట్లోనే క్లయింటుకు దాపరికం లేకుండా చెప్పాలి. ఒకరి తరఫున పనిచేసి అదే వ్యవహారంలో ఎదుటివారి పక్షాన నిలబడకూడదు. క్లయింటు సొమ్ముకు లెక్క చూపాలి. గెలిస్తే ఇంత వాటా అనే బేరం కుదుర్చుకోకూడదు. ఫీజు బాకీ ఉందని ఫైలు పట్టి ఉంచుకునే హక్కు లేదని సుప్రీంకోర్టు 2000లో స్పష్టం చేసింది. ఇప్పటికీ వకీలును మార్చుకోవాలంటే పాత వకీలు ఇచ్చే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) కోసం బతిమాలుకోవాల్సి వస్తోందంటే ఆ తీర్పు కాగితం మీదే ఉన్నట్టు.

ఒపీనియన్ సంగతి హైదరాబాద్ కేసులోనే తేలింది. గృహరుణాల మోసంలో ఒక బ్యాంకు ప్యానెల్ న్యాయవాదిని సీబీఐ నిందితుడిగా చేర్చితే, ఆ అభియోగాన్ని హైకోర్టు కొట్టేసింది, 2012లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అభిప్రాయం తప్పినంత మాత్రాన ఎవరూ కుట్రదారు కారు. అది సరైన తీర్పు. లేకపోతే నిజాయితీపరులు కలం పట్టడానికే జంకుతారు. అయితే తీవ్ర నిర్లక్ష్యం రుజువైతే బాధ్యత తప్పదని ఆ తీర్పే చెప్పింది.

ఆ బాధ్యతను ఎక్కడ అడగాలి? న్యాయవాదుల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని 2024 మేలో సుప్రీంకోర్టు ప్రకటించింది. వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుంది గనుక సామాన్యుడికి ప్రధానంగా మిగిలిన దారి రాష్ట్ర బార్ కౌన్సిల్. మందలింపు, సస్పెన్షన్, రోల్ నుంచి పేరు తొలగింపు దాకా దానికి అధికారం ఉంది. ఫిర్యాదును ఏడాదిలోగా తేల్చాలని, లేకపోతే అది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు వెళ్తుందని చట్టమే అంటోంది. ఎల్‌బీ నగర్ కోర్టుల్లో వాయిదాల చుట్టూ తిరిగే కక్షిదారుల్లో ఈ సంగతి ఎందరికి తెలుసు?

మరోవైపు న్యాయవాదులు తమకు రక్షణ చట్టం అడుగుతున్నారు. 2021 ఫిబ్రవరిలో పెద్దపల్లి జిల్లాలో గట్టు వామన్‌రావు, నాగమణి దంపతులను నడిరోడ్డుపై నరికి చంపిన రాష్ట్రమిది. ఆ కోరిక న్యాయమైనదే. ఓడిన ప్రతి కక్షిదారుడూ ఫిర్యాదు పెడతాడన్న భయమూ ఉంది. అందుకే ప్రాథమికంగా ఆధారం కనిపించాకే ఫిర్యాదును క్రమశిక్షణ కమిటీకి పంపాలని, న్యాయవాది వాదన వినాలని చట్టం చెబుతోంది. ఆ వడపోత చాలు.

తెలంగాణ బార్ కౌన్సిల్ చేయాల్సింది ఎంతో లేదు. ఫిర్యాదు తెలుగులో రాసుకోవడానికి ఎల్‌బీ నగర్ కోర్టు ప్రాంగణంలోనే సాయం అందించాలి. ఫీజుకు రసీదు తప్పనిసరి చేయాలి. ప్రతి లీగల్ ఒపీనియన్‌లో ఏయే పత్రాలు, ఎన్నేళ్ల ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చూశారో, ఫీజు ఎవరిచ్చారో, అమ్మకందారుతో సంబంధం ఉందో లేదో రాసి సంతకం చేయించాలి. తేలిన కేసుల ఫలితాలను ఏటా జనం ముందు పెట్టాలి.