పక్క కమ్మీలు ఎవరి రక్షణకు?

ఖరగ్‌పూర్‌లోని ఇందా వీధుల్లో సైకిళ్లు, రిక్షాలు, జీపులు ఒకే దారిన పోతుంటాయి. ఊరు దాటితే ఎర్రని మొరం నేల. అలాంటి గతుకుల దారుల్లో తిరిగే జీపులకు కొందరు తలుపుల కింద, రెండు పక్కలా ఇనుప కమ్మీలు బిగిస్తారు. ఇది అవసరమా, ఆడంబరమా?

రాళ్ల దారిలో అవసరమే. తలుపు కింది అంచు రేకుతో చేసినది. రాయి తగిలితే అది నొక్కుకుపోతుంది, తలుపు సరిగా మూసుకోదు. కమ్మీ ఆ దెబ్బను తాను కాస్తుంది. అయితే దాన్ని బండి బరువు మోసే ఛాసీకే బిగించాలి. రేకుకు బిగిస్తే దెబ్బ మళ్లీ రేకు మీదే పడుతుంది.

ఊళ్లో తిరిగే బండి సంగతి వేరు. బయటికి పొడుచుకు వచ్చిన కమ్మీ పక్కనే పోయే సైకిలు మనిషి మోకాలికి తగలవచ్చు. బండికి గీత పడకుండా మనిషికి దెబ్బ తగిలించడం రక్షణ అనిపించుకోదు.

జాతీయ రహదారి మీద లారీలను గమనించండి. ముందు, వెనుక చక్రాల మధ్య ఉండే పక్క కమ్మీలు లారీని కాపాడటానికి కాదు, పక్కనున్న మనిషి చక్రాల కింద పడకుండా ఆపడానికి.

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కూడా బండిని ఇష్టం వచ్చినట్లు మార్చనివ్వదు. ముందు భాగంలో బిగించే గార్డులపై చర్య తీసుకోవాలని 2017 డిసెంబరులో కేంద్రం రాష్ట్రాలకు రాసింది. పక్క కమ్మీ విషయంలోనూ ఆ జాగ్రత్త ఉండాలని నా అభిప్రాయం.

మీరేమంటారు? కారణాలతో పది వాక్యాల్లో రాయండి.