నర్సులును పొగాకు వ్యసనమును

పత్తియు మిరపయు పండు నల్లపాడు ప్రాంతమునకు పొగాకు క్రొత్తది కాదు. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డునకు గుంటూరే ముఖ్యస్థానము. ఆకు పండించు రైతులును, గ్రేడింగు చేయు కూలిస్త్రీలును దానిపైననే బ్రదుకుచున్నారు. ఆ ఆకు తెచ్చిన దగ్గునకును, ఆయాసమునకును, నోటిపుండునకును మందు వేడుచు వచ్చువారు కూడ ఈ పట్టణపు ఆస్పత్రులకే వచ్చుచున్నారు. ఇట్టి చోట నర్సుల కర్తవ్యమేమో విచారించుట అవసరమని మేము తలంచుచున్నాము.

పాశ్చాత్యదేశములలో వైద్యులును నర్సులును తామే పొగ త్రాగుట చాలకాలము పెద్ద చిక్కుగా నుండెను. 1951లో డాల్, హిల్ అను పండితులు బ్రిటిషు వైద్యుల అలవాట్లనే పరీక్షింప మొదలిడి, సిగరెట్టునకును ఊపిరితిత్తుల కేన్సరునకును గల సంబంధమును స్థిరపరచిరి. 1976లో అమెరికాలో 1,21,700 మంది నర్సులు తమ అలవాట్లను తామే వ్రాసి యిచ్చిరి. దినమునకు నాలుగు సిగరెట్లకు మించకున్నను స్త్రీలకు గుండెజబ్బు హెచ్చునని వారి మూలముననే 1987లో లోకమునకు తెలిసినది.

మన దేశమున స్థితి వేరు. 2016-17 నాటి జాతీయ సర్వే ప్రకారము స్త్రీలలో పొగ త్రాగువారు నూటికి ఇద్దరే. ఐనను స్త్రీ పొగ త్రాగుట పరదేశపు వేషమనుట సరికాదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరగ్రామములలో స్త్రీలు చుట్ట నిప్పును నోటిలోపల నుంచుకొని అడ్డపొగ త్రాగుటయు, దానివలన అంగిటికి కేన్సరు వచ్చుటయు వైద్యులు ఎన్నడో వ్రాసియున్నారు. కావున నర్సు స్త్రీ యైనను పురుషుడైనను, ఆ అలవాటున్నచో నిందింపక మానుటకు తోడ్పడవలెను. తండ్రి చుట్టను మన్నించి కూతురి సిగరెట్టును మాత్రము దూషించుట నీతి కాదు, పక్షపాతము.

అసలు లోపము వేరొక చోట నున్నది. వైద్యసిబ్బందిని దర్శించిన పొగత్రాగరులలో మానుమని సలహా పొందినవారు నూటికి 48.8 మంది మాత్రమేయని ఆ సర్వేయే తెల్పుచున్నది. తక్కిన సగమునకు పైగా మందుసీసాతో ఇంటికి పోయిరి, మాట లేదు. వైద్యుడు పడకవద్ద నిలుచునది కొన్ని నిమిషములు. రేయింబవళ్లు దగ్గర నుండునది నర్సు. ఆమె మాటవలన మానువారి సంఖ్య హెచ్చునని పరిశోధనలు నిరూపించినవి. ఆ హెచ్చు స్వల్పమే, కాని వేలకొలది రోగులలో అది ఎన్నియో ప్రాణములు.

నర్సులకు పని భారము చాలదా యని కొందరందురు. ఆ మాట నిజము. పడకలకు తగిన నర్సులను నియమింపక క్రొత్త విధులు మోపుట అన్యాయమే. కాని "పొగ త్రాగుదురా? నమలుదురా?" అని అడిగి కేసుషీటుపై వ్రాయుటకు జ్వరము చూచునంత సేపు కూడ పట్టదు. రైతు నోటికాడి కూడు పోవునను వాదము మరియొకటి. రోగి చుట్ట మానినంతనే మార్కెట్టు మూతపడదు. రైతుకు వేరు పంట చూపుట ప్రభుత్వము పని, రోగిని కాపాడుట ఆస్పత్రి పని. ఒకదానిని సాకుగా చెప్పి రెండవదానిని మానరాదు.

మేము కోరునది ఇంతే. నర్సుల పాఠశాలలలో పొగాకు మాన్పించు విధానము నేర్పవలెను. ప్రతి రోగిని అడుగవలెను. మానదలచినవారికి 1800-11-2356 అను ఉచిత జాతీయ సహాయ టెలిఫోను సంఖ్యను తెల్పవలెను. 2003 నాటి చట్టమును, 2008 అక్టోబరు 2న గాంధీజయంతినాడు అమలునకు వచ్చిన నిబంధనలును ఆస్పత్రి ఆవరణమున పొగ నిషేధించినవి. చట్టము గోడమీదను చుట్ట నోటిలోను ఉండుట తగదు.

చదువరులకు ఒక మనవి. మీవారి పడకవద్ద నర్సు ఈ ప్రశ్న వేసినప్పుడు కోపగింపకుడు, దాచకుడు. నిజము చెప్పి, వెలుపల బీడీ వెలిగించుకొనబోవు బంధువును మీరే ఆపుడు.