ఢిల్లీ లేఖ: లెక్కకు అందని సరాయి

2021లో జరగవలసిన జనాభా లెక్కలు జరగలేదు. 2025 జూన్ 16న కేంద్రం వెలువరించిన ప్రకటనలో 2027 మార్చి 1ని ఆధార దినంగా నిర్ణయించారు. ఇళ్ల లెక్కింపునకు 2026 ఏప్రిల్, సెప్టెంబరు నెలల మధ్య కాలాన్ని కేటాయించారు. నియోజకవర్గాల పునర్విభజన, కులాల గణన అనే రెండు పెద్ద ప్రశ్నలపైనే రాజధానిలో చర్చ అంతా సాగింది. మూడవ ప్రశ్న ఒకటి ఉన్నది. అసలు లెక్కించవలసిన మనిషి గణకునికి కనబడతాడా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకదలచినవారు దక్షిణ ఢిల్లీలోని కటవారియా సరాయ్‌కు వెళ్లవలసి ఉన్నది.

సరాయి అంటే బాటసారుల సత్రం. ఆ పేరు నేటికీ సార్థకమే. ఒకవైపు ఐ.ఐ.టి., మరొకవైపు కుతుబ్ సంస్థల ప్రాంతం, కూతవేటు దూరంలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం, చెంతనే లాల్‌బహదూర్ శాస్త్రి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం. ఇంజినీరింగ్ సర్వీసుల పరీక్షకు శిక్షణ ఇచ్చే కేంద్రాలు కూడా ఇక్కడ వెలిశాయి. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాదు వరకు మన జిల్లాల పిల్లలు పుస్తకాల పెట్టెలతో వచ్చి దిగే చోట్లలో ఇది ఒకటి. ఇరుకు గల్లీలు, నాలుగైదు అంతస్తుల భవనాలు, తలపై అల్లుకున్న కరెంటు తీగలు, పగలు కూడా దీపం వేసుకోవలసిన గదులు. అగ్నిమాపక శకటం రావాలంటే ఏ సందున రావాలో చెప్పడం కష్టం.

దీనికి ఇంటి యజమానులను మాత్రమే నిందించడం న్యాయం కాదు. 1957లో ఏర్పడిన ఢిల్లీ అభివృద్ధి సంస్థ, 1962 నాటి మాస్టర్ ప్లాన్ నగర విస్తరణకై గ్రామాల పొలాలను విస్తారంగా సేకరించాయి. గ్రామస్థులకు మిగిలినది ‘లాల్ డోరా’, అనగా 1908 నాటి రెవెన్యూ పటాలలో ఎర్ర గీత లోపలి ఆవాస స్థలం. ఆ గీత లోపలి కట్టడాలకు 1963లో నగరపాలక సంస్థ భవన నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. పొలం పోయిన రైతుకు గదులే పంట అయినాయి. గేదెల కొట్టం నిబంధనలతో పనిలేకుండా కట్టుకొమ్మన్న వెసులుబాటు, కాలక్రమాన అయిదంతస్తుల మేడకు రక్షాకవచమైనది.

ఇక అంకెల మాట. 2011 లెక్కల ప్రకారం ఢిల్లీ జనాభా 1,67,87,941. చదరపు కిలోమీటరుకు 11,320 మంది. 2001లో 165గా ఉన్న గ్రామాలు 2011 నాటికి 112కు తగ్గినవి. తగ్గిన గ్రామాలు ఎక్కడికీ పోలేదు, నగరంలో కలిసిపోయాయి. గ్రామంగా ఉన్నంతకాలం బడి, వైద్యశాల, మంచినీరు మొదలైన వివరాలతో జనగణన గ్రామ పట్టికలో ఊరికొక వరుస ఉంటుంది. నగరంలో కలిసిన మరుక్షణం ఆ వరుస పోయి, ఊరు వార్డు మొత్తంలో కరిగిపోతుంది. పక్కనున్న విశాలమైన కాలనీ సౌకర్యాలతో ఇరుకు గల్లీ లేమిని కలిపి సగటు తీస్తే, లేమి మాయమవుతుంది.

ఒకే వంటపై ఆధారపడి కలిసి బ్రతికేవారిని జనగణన ఒక కుటుంబమంటుంది. డబ్బా భోజనంతో గడిపే ఇరవై మంది కుర్రవాళ్లున్న మేడకు గణకుడు పగటి వేళ వెళ్లితే, క్రింది అంతస్తులోని యజమాని చెప్పినదే లెక్క కావచ్చు. అద్దెదారులను దాచడంలో అతనికి లాభమూ ఉండవచ్చు. 2011 తర్వాతి తనిఖీ సర్వేలోనే వెయ్యికి సుమారు 23 మంది లెక్క తప్పినట్లు తేలినది. చిత్రమేమంటే, అద్దెదారుల వివరాలు పోలీసులకు అందజేయడం ఢిల్లీలో నియమం. ఠాణా ఎరిగిన మనిషిని గణకుడు ఎరుగకపోవడం విడ్డూరం కాదా?

చట్టసభలు ఏమి చేసినవి? 1958 నాటి అద్దె నియంత్రణ చట్టం నుంచి నెలకు 3,500 రూపాయలు మించిన అద్దెలను 1988 సవరణ తప్పించినది. 1995లో పార్లమెంటు కొత్త అద్దె చట్టం చేసినది. రాష్ట్రపతి ఆమోదమూ లభించినది. అమలు తేదీ మాత్రం రాలేదు. ఉభయ సభలు ఆమోదించిన శాసనాన్ని వ్యాపారుల, అద్దెదారుల ఆందోళనకు వెరచి ప్రభుత్వాలు అటకెక్కించాయి. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు కూడదన్నది. కాని నమూనా నమూనాయే.

2023 జూన్‌లో ముఖర్జీనగర్ శిక్షణ కేంద్రంలో మంటలు లేచినప్పుడు విద్యార్థులు తాళ్లు పట్టుకుని క్రిందికి జారినారు. 2024 జులై 27న పాత రాజేంద్రనగర్‌లో నేలమాళిగ గ్రంథాలయంలోకి వరద చొచ్చి ముగ్గురు మరణించారు. వారిలో ఒకరు తెలంగాణ నుంచి వచ్చిన యువతి. రెండు రోజులకే రాజ్యసభ చర్చించినది. ప్రాణాలు పోయిన చోటు గురించి సభకు తెలిసింది. ప్రాణాలు ఉన్న చోటుల జాబితా మాత్రం ఎవరి వద్దా లేదు.

తమ పిల్లలు ఢిల్లీలో నమోదైతే సొంత రాష్ట్రానికి నష్టమేమోనని కొందరు పాఠకులు సంశయించవచ్చు. ఇన్ని వేల మంది వల్ల లోక్‌సభ స్థానాలు తారుమారు కావు. ఓటు వేరు, లెక్క వేరు. విద్యార్థి తన ఓటును స్వస్థలంలోనే నిలుపుకొనవచ్చు. లెక్కలో మాత్రం నివసించే చోటనే ఉండాలి. ఈ మారు స్వయంగా వివరాలు నమోదు చేసుకునే సదుపాయం ప్రకటించారు. యజమాని నోటిపై ఆధారపడక తప్పించుకునే మార్గమిది.

చేయవలసినవి మూడు. నగరంలో కలిసిన గ్రామాల అంకెలను వార్డు మొత్తాలలో ముంచక విడిగా ప్రచురించాలి. అగ్నిభద్రత తనిఖీలకు లాల్ డోరా అడ్డు కారాదు. తెలుగు రాష్ట్రాలు రెండూ ఢిల్లీలోని తమ భవనాలలో విద్యార్థుల నమోదు పుస్తకం ఒకటి తెరవాలి. మంత్రుల రాకపోకలకు గదులు సిద్ధం చేసే యంత్రాంగానికి ఇది మించిన పని కాదు.