ప్రత్యేకాధికారుల పాలన



స్థానిక సంస్థల ఎన్నికలపై ఇటీవల వెలువడిన తీర్పులను, తమిళనాడు శాసనసభ చేసిన సవరణలను చదివినవారికి ఒక సంగతి తోపక మానదు. చట్టము నానాటికి బాగుపడుచున్నది. దాని ననుసరించి కూర్చుండవలసిన సభలు మాత్రము తరచు ఖాళీగా నుండుచున్నవి. అరక్కోణమువంటి ఊళ్లలో తరతరాలుగా నిలిచిపోయిన తెలుగువారికి ఇందువలన నష్టము మరింత గలదని నా అభిప్రాయము.

రాజ్యాంగములోని 243-ఇ, 243-యు అధికరణములు పంచాయతీకిని పురపాలక సంఘమునకును అయిదేండ్ల గడువు విధించి, అది తీరకముందే ఎన్నిక పూర్తి కావలెనని చెప్పుచున్నవి. అహమ్మదాబాదు కేసులో 2006లో సుప్రీంకోర్టు ఇది తప్పనిసరి విధియని నిర్ణయించినది.

ఇక మా సంగతి. 2011లో ఎన్నికైనవారి గడువు 2016 అక్టోబరులో తీరినది. ఆ నెలలో జరుగవలసిన ఎన్నికల ప్రకటనను మద్రాసు హైకోర్టు అక్టోబరు 4న కొట్టివేసి, డిసెంబరు ఆఖరులోగా మరల జరుపుమన్నది. జరుగలేదు. మూడేండ్లు గడచి, తీరా 2019లో గ్రామీణ ఎన్నికలకు సన్నాహము జరుగుచుండగా వేలూరు జిల్లా మూడు ముక్కలైనది. అరక్కోణము రాణిపేట జిల్లాలో చేరినది. గుడియాత్తము వేలూరులోనే నిలిచినది. కొత్త ఎల్లలకు తగినట్లు వార్డులు విభజించిన పిదపనే ఎన్నిక జరుపుడని డిసెంబరు 6న సుప్రీంకోర్టు తొమ్మిది జిల్లాలను ఆపినది. ఆ తొమ్మిదింటిలో మా మూడును ఉన్నవి. తక్కిన 27 జిల్లాల పల్లెలవారు ఆ నెలాఖరులో ఓటు వేసిరి. మా పల్లెలవారు 2021 అక్టోబరు 6, 9 తేదీలవరకు వేచియుండిరి. పట్టణములకు 2022 ఫిబ్రవరి 19న గాని యోగము పట్టలేదు. అనగా దాదాపు ఒక పూర్తి గడువు ప్రత్యేకాధికారుల ఏలుబడిలోనే చెల్లిపోయినది. నడుమ కరోనా వచ్చిన మాట నిజమే. కాని 2016 నుండి 2019 వరకు ఏ కరోనా వచ్చినది?

విచిత్రమేమనగా, 2022 మే నెలలో మధ్యప్రదేశ్ కేసున అదే సుప్రీంకోర్టు, పునర్విభజన పూర్తికాలేదను సాకున ఎన్నిక ఆపరాదని సెలవిచ్చినది. కోర్టును తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. 2019లో జిల్లాలే కొత్తవైనప్పుడు జిల్లా పంచాయతీ దేనికని ఎన్నుకొందురు? తప్పంతయు గడువు తీరిన పిదప ఎల్లలు మార్చుటలో నున్నది. ఇది ఒక్క తమిళనాడు జబ్బును కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టున గడువు తీరిన గ్రామ పంచాయతీలకు, సుప్రీంకోర్టువరకు పోయిన పిదప, 2021 ఫిబ్రవరిలో ఎన్నికలైనవి.

ప్రత్యేకాధికారి చెడ్డవాడని నేననను. బదిలీపై వచ్చును, బదిలీపై పోవును. ఆయనకు మా వీధి పేరు తెలియునప్పటికి ఉత్తరువు వచ్చును. వార్డు మెంబరు ఎక్కడికి పోగలడు? కుళాయి రాకున్నను, మురుగుకాలువ పొంగినను, ఇంట తెలుగు తప్ప మాటాడని మా ముసలమ్మ ఆయన గుమ్మములో నిలిచి సగము తెలుగున, సగము తమిళమున నిలదీయగలదు. శాసనసభ ఎన్నికలలో చెదరియున్న మా ఓట్లు లెక్కకు రావు. కొన్ని వందల ఓట్లతో తేలిపోవు వార్డులో మాత్రము ఒక వీధి ఓట్లకు విలువ గలదు. ఆ వీధిని నడిమికి చీల్చి రెండు వార్డులలో కలిపినచో ఆ విలువయు పోవును. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రమున చేరినప్పుడు అందరును ఎల్లలను గూర్చి మాటాడిరి. వార్డు ఎల్ల మారునప్పుడు పలుకువాడు లేడు.

2025 జనవరి 5తో ఆ 27 జిల్లాల పంచాయతీల గడువు తీరి, తొమ్మిదివేలకు పైబడిన గ్రామములు మరల ప్రత్యేకాధికారుల చేతికి పోయినవి. ఆ ఏప్రిలులోనే ప్రతి స్థానిక సంస్థలోను అంగవైకల్యము గలవారిని నామినేటు చేయు సవరణలను శాసనసభ ఆమోదించినది. మెచ్చదగిన శాసనమే. కాని ఆ వేల పల్లెలలో వారికి కుర్చీ వేయుటకు సభయేది?

మా పల్లెలవారికి 2021లో ఇచ్చిన అయిదేండ్లు 2026 అక్టోబరుతోను, పట్టణములకు ఇచ్చినవి 2027 తొలి నెలలతోను సరి. గడువులోని కడపటి సంవత్సరమున ఎల్లలు మార్చినచో ఆ మార్పు ఎన్నిక ముగిసిన పిదపనే అమలు కావలెనని ఒక్క నిబంధన చట్టమున చేర్చిన చాలును. వార్డుల ముసాయిదా ప్రకటించినప్పుడు అభ్యంతరములకు ఇచ్చు వ్యవధి స్వల్పము. మన తెలుగు సంఘములవారు ముసాయిదాను వెంటనే తెప్పించి, వీధివారీగా సరిచూచి, అభ్యంతరములను లిఖితపూర్వకముగా దాఖలు చేయవలెనని కోరుచున్నాను.

అరక్కోణం
— ఒక పన్ను చెల్లింపుదారు